చల్లటి పెట్టె చెప్పిన వేడి

తేనెకు పోయిన శివకృష్ణ చీకటి పడినా రాలేదు. వాడి బావ మల్లేష్ టార్చితో అడవిలో వెతుకుతున్నాడు. దోర్నాల అటవీ చెక్‌పోస్టులో పనిచేసే శివకృష్ణ అక్క దుర్గ, అక్కడి గదిలో ఒక్కతే కూర్చుని, అడవి కెమెరాల బొమ్మలు చూస్తోంది. వాటిని చూపే లినక్స్ కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా గదిలో దాని ఫ్యాను చప్పుడు కూడా ఉండదు.

ఆగేముందు ప్రతిసారీ తెరపై ఒకటే మాట: వేడి నూట ఇరవై డిగ్రీలు.

దుర్గ మూత విప్పి లోపల తాకింది. రాయిలా చల్లగా ఉంది. 

ఫోన్‌లో మల్లేష్ అడిగాడు. "ఏమన్నా కనబడిందా, దుర్గా?"

"వేడి చూపే సెన్సర్ ఒకటి అబద్ధం చెప్తాంది బావా. కంప్యూటర్‌ను దాని మాట విననీను."

మిగతా సెన్సర్లన్నీ ఇరవై రెండే చూపిస్తున్నాయి. ఆ ఒక్కదాన్ని లెక్కచేయొద్దని లినక్స్‌కు చెప్పి, మళ్లీ ఆన్ చేసింది. నూట ఇరవై అయిదు. నూట ముప్పై. కంప్యూటర్ ఆగలేదు!

తెరపై వాగు దగ్గరి కెమెరా బొమ్మలో తమ్ముడు కుంటుతూ కనిపించాడు.

"వాగు కాడ ఉండాడు బావా, ఉరుకు!"

కాసేపటికి మల్లేష్ ఫోన్‌లో తమ్ముడి గొంతు వినిపించింది. "నువ్వు పిలుస్తాంటే ఆ గొంతెంబడే వచ్చినాక్కా."

దుర్గ పిలవనే లేదు. అయినా ఏడుస్తూ, నవ్వుతూ, "అవున్రా, నేనే" అంది.