ఐన్ ఖాలిద్ నుంచి కాపలా

"బాబీ, ఆ టీ చల్లారిపోతోంది, తాగరా!"

"తాగేసి కప్పు కూడా కడిగేశానక్కా. నీ టీవీ నిమిషం వెనకుంది," ఫోన్లో తమ్ముడు నవ్వాడు.

ఖతర్‌లో కూర్చుని అమెరికాలో దుకాణానికి కాపలా కాయడం వేదవతికే చెల్లింది. వాళ్ళుండే దోహా పేట ఐన్ ఖాలిద్‌లో తెల్లవారితే బాబీకి అక్కడ రాత్రి. పోయిన నెల ముసుగు దొంగ ఒకడు అతని భుజం కత్తితో చీరేసి గల్లా ఊడ్చుకుపోయాడు. అప్పటినుంచి ఆ దుకాణం కెమెరాలు టీవీలో పెట్టుకుని, ఫోను స్పీకర్లో ఉంచి, చిక్కుడుకాయలు తుంచుతూ ఆవిడ పహరా కాస్తోంది. తమ్ముడి ఒంటి మీద మళ్ళీ కత్తి పడకూడదు, అంతే.

"మీ ఆవిడ మనీషా ఏదిరా?"

"అన్నం తేవడానికి ఇంటికెళ్ళింది. వెళ్ళి అరగంటయింది."

"తుపాకీ దగ్గరుందా?"

"కౌంటర్ కిందే ఉందక్కా."

శుక్రవారం సెలవు కాబట్టి సోఫాలో జారగిలబడ్డ ఆవిడ భర్త సత్యనారాయణమూర్తి గొణిగాడు. "సైన్యం వాడే రకం తుపాకులు ఇళ్ళల్లో ఉండకూడదని ఆ రాష్ట్రం అసెంబ్లీలో బిల్లు పెడితే, అది పాసయ్యేలోగా కొనెయ్యమని వాడి ప్రాణం తీశావు. దాని తూటా తలుపుల్ని కూడా చీల్చుకుపోతుందట."

"పోనివ్వండి. దొంగ ఉండేది తలుపు అవతలే కదా!"

"ఇక్కడ కారు ఆన్‌లో వదిలేసి కొట్లోకి వెళ్ళొస్తాం. నీకెందుకే తుపాకుల గొడవ?"

"ఇది దోహా, అది అమెరికా. మీ బిల్లు వెళ్ళి దొంగని ఆపుతుందా?"

మూర్తి పేపరు ముఖం మీదికి లాక్కున్నాడు. ఆవిడ నోటి ముందు ఎవరైనా అంతే.

అంతలో టీవీలో, దుకాణం వెనక తలుపు దగ్గర, ముసుగు మనిషి కనిపించాడు. ఇనపరాడ్డు తాళంలో దూర్చి చప్పుడు కాకుండా మెలిపెడుతున్నాడు.

వేదవతి ఒళ్ళో చిక్కుళ్ళు నేలపాలయ్యాయి. "బాబీ! వాడే! వెనక తలుపు దగ్గరున్నాడు! తుపాకీ తియ్యి!"

ఫోన్లో పరుగు, రొప్పు. "స్టోర్‌రూంలోకి వచ్చానక్కా... వెనక తలుపు మీద కొడుతున్నాడు!"

"పోలీసులకి ఫోన్ చెయ్యరా!" మూర్తి అరిచాడు.

"వాళ్ళొచ్చేలోపు చంపేస్తాడు! తలుపు మీదే కాల్చరా! కాల్చు!"

ఫోను దద్దరిల్లింది. తుపాకీ ఆగకుండా పేలింది. చెక్క పగిలిన చప్పుడు, ఆ తర్వాత ఏదో బరువుగా కూలిన చప్పుడు.

"పడ్డాడక్కా," బాబీ గుసగుసగా అన్నాడు. "తలుపు కింద నుంచి నెత్తురు వస్తోంది."

"భయపడకు నాన్నా. నువ్వు బతికావు, నాకదే చాలు." వేదవతి కళ్ళు తుడుచుకుని భర్త వైపు గర్వంగా తిరిగింది. "చూశారా? ఆ బిల్లు పాసై ఉంటే ఈపాటికి నా తమ్ముడు..."

మూర్తి ఆవిడని చూడడం లేదు. టీవీనే చూస్తున్నాడు. అందులో తలుపుకి ఒక్క చిల్లు కూడా లేదు. కారు లైట్లు పడగానే ముసుగువాడు రాడ్డు పారేసి, గోడ దూకి పారిపోయాడు.

"వేదా," అతను టీవీ వైపు వేలు చూపించాడు. "టీవీలో ఇంకా కాల్పులు మొదలే కాలేదు."

టీవీలో మనీషా, క్యారియర్ పట్టుకుని వచ్చి, ఆ తలుపు తట్టింది.