పదకొండు గంటలకు ఆపండి

"శుక్రవారం గుండె ఆపి బైపాస్ చేస్తామమ్మా. గంటన్నరసేపు గుండె పని, ఊపిరితిత్తుల పని మిషనే చేస్తుంది" అన్నాడు బెంగళూరు డాక్టరు.

ధర్మవరం నేతగాడు వెంకటప్ప మంచంలో బిక్కచచ్చిపోయాడు. పక్కనున్న భార్య కుళ్ళాయమ్మ మొహం మాత్రం వెలిగిపోయింది. సంచిలోంచి మొగుడి జాతకం తీసింది.

"శుక్రవారం పదకొండుకు ఈయప్ప గుండె నిల్చిపోతాదని రాసుండాది సారూ. ఆపేదేదో అప్పుడే ఆపండి. రాసిందీ జరుగుతాది, మనిషీ మిగుల్తాడు."

డాక్టరు నవ్వి సరేనన్నాడు. చెప్పిన వేళకే ఆపాడు. పన్నెండున్నరకు వెంకటప్ప గుండె మళ్ళీ కొట్టుకుంది.

ఆ కబురు చెప్పడానికి బయటికొచ్చిన డాక్టరు చేతిలో కుళ్ళాయమ్మ ఇంకో జాతకం పెట్టింది.

"ఇది నాది. వచ్చే మంగళవారమని ఉండాది. నా గుండె బాగానే ఉండాది సారూ, ఊరికే ఒక గంట ఆపితే చాలు."