చేటలంత చేతులు

ఒక్క బొమ్మ చూడటానికని తాడేపల్లిగూడెం నుంచి రైలెక్కి ఏలూరు వచ్చాడు డ్రాయింగు మాస్టరు శ్రీరామమూర్తి.

అదేమన్నా మామూలు బొమ్మా! మద్రాసులో జనం విరగబడి చూసిన ‘కొల్లేటి తల్లి’. ఏలూరు చిత్రశాలలో ఈ ఒక్కరోజే ఉంచుతారట. సాయంత్రం ఆ బొమ్మ వేసిన ఈశ్వరప్రసాద్ స్వయంగా వస్తాడట.

తీరా చూస్తే శ్రీరామమూర్తికి నవ్వొచ్చింది.

ఆకుపచ్చ ముఖం, వంకర నోరు, చేటలంత చేతులు. తన క్లాసులో ఎవడైనా ఇలా వేస్తే గుంజీలు తీయించి ఉండేవాడు.

ఇంతలో ముక్కుకి నీచు వాసన తగిలింది. పక్కకి తిరిగాడు.

ముతక చీర కట్టుకున్న ఒక నడివయసు మనిషి, బొమ్మలోని చేతికి ఎదురుగా తన చెయ్యి పెట్టి చూసుకుంటోంది. పైగా తనలో తనే నవ్వుకుంటోంది.

“ఏయ్, చెయ్యి తియ్యి. బొమ్మ పాడైపోతుంది.”

“అంటుకోలేదండీ,” అంటూ ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది. ఆకివీడు అవతల లంక నుంచి పొద్దున్నే పడవెక్కి వచ్చిందట. సాయంత్రందాకా ఓ మూల నిలబడతానంది.

“ఎందుకూ?”

“బొమ్మేసిన బాబుగారు రమ్మని కబురెట్టారండీ.”

“నీకా? చేపలు తెమ్మన్నారా ఏమిటి?”

అక్కడున్న నలుగురూ గొల్లున నవ్వారు.

ఆమె బొమ్మని ఇంకొక్కసారి చూసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయింది. తన చమత్కారానికి తానే మురిసిపోయాడు శ్రీరామమూర్తి.

సాయంత్రం ఈశ్వరప్రసాద్ వచ్చాడు. వస్తూనే జనంలో ఎవరి కోసమో వెతుక్కున్నాడు.

శ్రీరామమూర్తి అందర్నీ తోసుకుని ముందుకెళ్ళాడు.

“ఆ ఆకుపచ్చ ముఖమేమిటండీ? మనుషులకి అంతంత చేతులుంటాయా?”

ఈశ్వరప్రసాద్ నొచ్చుకోలేదు.

“నేను చూసింది నీళ్ళ కిందనుంచండీ. గాలివానకి కొల్లేట్లో మా పడవ తిరగబడింది. మునిగిపోతూ కళ్ళు తెరిస్తే, దోనెలోంచి వంగిన ఆ ముఖం, నా మీదికొస్తున్న ఆ చేతులు. అప్పుడు నాకవి అంతే కనిపించాయండీ.”

శ్రీరామమూర్తికి కొంగులో దాచుకున్న చెయ్యి కళ్ళముందు కదిలింది. సిగ్గుతో చచ్చిపోయాడు. పొద్దున నవ్విన నలుగురిలో ఇద్దరు అక్కడే ఉన్నారు. వాళ్ళూ నేలచూపులు చూస్తున్నారు.

వీధిలోకి పరుగెత్తాలనుకున్నాడు. ఆకివీడు పడవ వెళ్ళిపోయి చాలాసేపయింది.

ఈశ్వరప్రసాద్ మళ్ళీ గుమ్మం వైపు చూశాడు.

“ఆవిడ చూడాలనే ఈ బొమ్మని ఏలూరు తెచ్చానండీ. వచ్చారా?”