పిలవని పేరు

రెబెకా పాడె మీదికి వంగి, "ధరణీ" అని పిలిచింది. పంచె కట్టిన శవం లేచి కూర్చుంది. తలగుడ్డ జారి, బారెడు జడ నేలను తాకింది. మోసుకొచ్చిన నలుగురూ కేకలేస్తూ పరుగెత్తారు.

కెమెరా ముందు ఒక చెప్పు వచ్చి పడింది.

విసిరింది దొరస్వామి. చిత్తూరులో బస్సెక్కి నేరుగా ఈ మామిడితోపుకే వచ్చాడు.

"సచ్చిన నా కొడుకును దెయ్యం జేసి సినిమా తీస్తాండావా?"

"కొడుకు గాదు మామా, కూతురు. నాతో ఐదేండ్లు కాపరం జేసింది."

"నన్ను మామా అనొద్దు. వాడు యోగానంద!"

"అందుకేనా, పీనుగ జుట్టు కత్తిరించి పంచె కట్టినారు?"

దొరస్వామి పాడె మీద కూర్చున్న నటిని చూడలేక తల తిప్పుకున్నాడు.

రెబెకా ఆపలేదు. "ఆ పొద్దు దింపుడు కళ్లం కాడ పాడె దించి, చెవిలో మూడుసార్లు పిలిచినారు. నన్ను దగ్గరికి గూడా రానీలేదు. నా సినిమాలో 'యోగానందా' అని ఊరంతా పిలుస్తాది, శవం కదలదు. 'ధరణీ' అని నేను ఒక్కసారి పిలిస్తే లేస్తాది. పాపం, మీకు ఆ పేరే తెలీకపాయె."

దొరస్వామి పాడె పక్కన కూలబడ్డాడు.

"తెలుసు," అన్నాడు. "మూడోసారి నోటిదాకా వచ్చింది."

"మరి పిలవలేదేంది?"

ఆయన నేలను తాకుతున్న ఆ జడ కొసను ఎత్తి, మట్టి దులిపాడు.

"పిలిస్తే లేస్తాదేమోనని."