బీరువాకి పూసిన మసి

"ఒక్క వేలిముద్ర కూడా లేదు!"

బీరువా తలుపుల నిండా నల్లపొడి అద్దిన నిపుణుడు మూడోసారి ప్రకటించాడు. మొదటి రెండుసార్లూ అతని ఆశ్చర్యం కెమెరాకు చాలలేదట.

యాంకరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "మీరు లేనప్పుడు ఎవరో మీ బీరువా తెరుస్తున్నారనే కదమ్మా మమ్మల్ని పిలిచారు? మరి ముద్రలన్నీ తుడిచేసిందెవరు?"

"నేనేనండీ, పొద్దున్నే తుడిచాను," అంది కోడలు.

"చూశారా! సాక్ష్యాన్నే మాయం చేసింది!" యాంకరమ్మ చప్పట్లు కొట్టింది.

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. టీవీ వాళ్లొస్తున్నారు, బీరువా మీద చిన్న మరక కనిపించినా నలుగురిలో పరువు పోతుందని ఆ పిల్లను నిద్ర లేపి మరీ తుడిపించింది తనే. ఆ ఒక్క ముక్క చెప్తే కోడలు నింద నుంచి బయటపడిపోతుంది. అయినా ఆ పిల్ల తప్పంతా తన మీదే వేసుకుంది.

"తుడవమన్నది నేను," అంది అత్తగారు.

"కట్!" అంది యాంకరమ్మ. "అమ్మా, ఆ మాట వద్దు. దొంగ ఇంట్లోనే దొరికిందని కళ్లు ఒత్తుకోండి, చాలు."

"దొంగేమిటి? తెరిస్తే తెరిచింది. అందులో ఉన్నవి నా పాత చీరలే."

"మరి మా ఎపిసోడో?"

కోడలు అలవాటుగా గుడ్డ అందుకోబోయింది. అత్తగారు దాన్ని లాక్కుని నిపుణుడి చేతిలో పెట్టింది.

"ముందు నా బీరువాకి పూసిన ఈ మసి తుడువు నాయనా. మా కోడలు తుడిచినట్టే, ఒక్క ముద్ర కూడా మిగలకూడదు."