ఖుషీ మార్కులు

"నీకు ఇంగ్లీషు వస్తాది గదా సవితా, ఇది చూసి చెప్పుమే. మా పాపను ఏ కంపెనీలో పనికి పెట్టేది?" అంటూ ఆటోలో పక్కన కూర్చున్న మారెక్క ఫోను సవిత చేతిలో పెట్టింది.

అది ఉద్యోగాలు వెతికే యాప్. బళ్లారిలోని జీన్స్ కంపెనీల పేర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కో పేరు కింద, అక్కడ పనిచేసేవాళ్లు తాము ఎంత సంతోషంగా ఉన్నామో చెబుతూ వేసిన మార్కులు. ఎదురుగా కూర్చున్న నయన పనిచేసే కంపెనీకి ఐదుకు నాలుగు పాయింట్ ఏడు. సవిత కంపెనీకి రెండు పాయింట్ మూడు.

సవిత ఆ రెండో అంకెను పైకి చదవకుండా మింగేయబోయింది. మారెక్క వేలు పెట్టి మరీ చూపించింది.

"ఇది మీదే గదా? రెండేనా? అయ్యో, మీ కంపెనీలో అంత బేజారా!"

ఆటోలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నయన ఒక్కతే నవ్వకుండా బయటికి చూస్తోంది. ఆ మౌనమే సవితను ఎక్కువగా మండించింది. ఇద్దరిదీ ఒకే బ్రూస్‌పేట వీధి. ఇద్దరిదీ ఒకే పని. కుట్టిన ప్యాంట్లు తిరగేసి చూడటం, దారాలు కత్తిరించడం. దాని రాత నాలుగు పాయింట్ ఏడు, తన రాత రెండు పాయింట్ మూడా?

"మా పాపను మీ కంపెనీకే పంపిస్తా నయనా," అంది మారెక్క.

"చూద్దాంలే మారెక్కా. తొందరేముండాది?" అంది నయన మెల్లగా.

చూశావా, ఇంకొకరిని రానివ్వదు, ఆ సుఖమంతా తనొక్కతే అనుభవించాలని! అనుకుంది సవిత.

ఆ రోజు కంపెనీలో ఆమెకు అన్నీ తప్పులే కనిపించాయి. సూపర్‌వైజరు హంపయ్య టేబుళ్ల మధ్య తిరుగుతూ గొణుగుతున్నాడు.

"బాత్రూము గడియ ఊడిందని ఎవరో యాప్‌లో రాసినారంట. ఓనరు నన్ను బాగా వాయించినాడు. గడియ ఏపించినాలే. ఇప్పుడు ఫ్యాన్లు చాలవని రాస్తాండారు. రాయండమ్మా, రాయండి!"

నయన కంపెనీలో గడియలు ఊడనే ఊడవేమో! సవిత అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికక్కడే ఫోను తీసి తన కంపెనీకి ఒకే ఒక్క మార్కు వేసింది.

హంపయ్య తొంగి చూశాడు. "నువ్వూ ఏసినావా? సరే. ఈ మూట సాయంత్రం లోపల ముగించు తల్లీ."

ఇంటికెళ్లాక నయన కంపెనీ పెట్టిన ఫొటోలు చూసింది. బెలూన్లు, కేకు, ముందు వరుసలో ప్లేటు పట్టుకుని నయన. వేళ్లతో పెద్దది చేసి మరీ చూసింది. కేకు ముక్క కూడా పెద్దదే! అన్నం సయించలేదు. అప్పటికప్పుడు అదే కంపెనీకి దరఖాస్తు పెట్టేసింది. నయనకు మాత్రం మాట పొక్కనివ్వలేదు. తెలిస్తే అడ్డం పడుతుందని భయం.

వారం తిరిగేలోపు పిలుపొచ్చింది. మేనేజరు పద్మశ్రీ మేడం నున్నగా నవ్వుతూ అడిగింది.

"మా కంపెనీకే ఎందుకు రావాలనుకున్నావు?"

"ఈడ అందరూ శానా ఖుషీగా ఉంటారంట మేడం. మార్కులు చూసినా."

"అవును. ఆ మార్కులంటే మాకు ప్రాణం. నీ అదృష్టం, చెకింగ్‌లో ఇప్పుడే ఒక ఖాళీ వస్తోంది. సోమవారం వచ్చెయ్."

పని మానేస్తానంటే హంపయ్య కాసేపు తల గోక్కున్నాడు. "పోతాండావా? సరేలే. ఆడ బాగలేకపోతే మళ్లా రా," అన్నాడు. సవిత ఆ మాట చెవిన పెట్టలేదు. సోమవారం తనను చూసి నయన ముఖం ఎలా మాడిపోతుందో, ఆ ఊహతోనే ఆమెకు ఆదివారమంతా పండగలా గడిచింది.

సోమవారం రోజూ ఎక్కేదానికన్నా ముందు ఆటోకే వెళ్లిపోయి, చెకింగ్ టేబులు దగ్గర తలుపు వైపే చూస్తూ కూర్చుంది. గంట కొట్టారు. నయన రాలేదు. పక్కనున్న అమ్మాయిని అడిగితే తల ఎత్తకుండానే, "శనివారమే మానేసిందక్కా. నువ్వు కూచునింది దాని జాగాలోనే," అంది.

సవిత ఉత్సాహం సగం చచ్చింది. పోనీ, సుఖమైతే దక్కింది కదా అని సర్దుకుంది.

సాయంత్రం గంట మోగింది. ఎవరూ లేవలేదు. పద్మశ్రీ మేడం వచ్చి గేటుకు అడ్డంగా నిలబడింది.

"అందరూ యాప్ తెరవండి. ఐదు వేసి, నాకు చూపించి పోండి."

ఆడవాళ్లు ఫోన్లు ఎత్తి చూపిస్తూ ఒక్కొక్కరే బయటపడ్డారు. ఒకమ్మాయి నాలుగు వేసింది. మేడం ఏమీ అనలేదు. ఆమెను పక్కకు నిలబెట్టి పేరు రాసుకుంది, అంతే. సవిత వంతు వచ్చింది.

"కొత్తదానివి కదా, బాగా ఆలోచించి వెయ్యి," అంది మేడం అదే నున్నటి నవ్వుతో.

సవిత ఐదు వేసింది. గబగబా రోడ్డు మీదికి వచ్చింది. ఫోను తీసి నయనకు కలిపింది.

"యాడుండావే నయనా? పని మానేసినావంటనే? నాకొక మాట చెప్పకూడదా?"

"ఉన్నట్టుండి నీ పక్కన వచ్చి కూచొని నిన్ను ఆశ్చర్యపెడదామని చెప్పలేదే. పొద్దున మీ కంపెనీకి వచ్చి చూస్తే నువ్వే లేవు, నీ కుర్చీ నాకిచ్చినాడు హంపయ్యప్ప," అంది నయన. "భయం లేకుండా రెండు మార్కులు ఏసే కంపెనీ యాడుండాదా అని ఎన్నాళ్ల నుంచో ఎతుకుతాంటినే, మీదే దొరికింది!"