టీకా మచ్చల లెక్క

“భుజం మీద టీకా మచ్చ లేదు. బడిల ఎట్ల చేర్చుకోవాలె?” హెడ్మాస్టరు రాంచందర్ అనసూయ అంగీ చెయ్యి దించేశాడు.

పోశవ్వ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. జంపఖానాలు నేసే పని దొరుకుతుందని మొన్ననే పల్లె నుంచి కొత్తవాడకు వచ్చింది. మశూచి ఇంకా ఊళ్లు తిరుగుతున్న రోజులు.

“నేను టీకా మందు కోసమొచ్చిన సారూ. పోయిన ఎండకాలం పెద్దోణ్ని అమ్మవారు తీస్కపాయె. దవాఖానకు పోతే బడికాడ ఏస్తరు పొమ్మన్నరు.”

“ఇయ్యాల ఆఫీసరు వస్తాండు. ఆయన్నే అడుగు.”

జీపు దిగిన రాజేశ్వర్ రావు నోటి నిండా పాన్. టీకాలు ఎందరికి పడ్డాయో బడి రిజిస్టర్లు చూసి లెక్కగట్టడం, పడని చోట మందు వేయించడం ఆయన ఉద్యోగం. గుమ్మం పక్కన ఎర్రగా ఉమ్మి లోపలికి వచ్చాడు. రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా ‘మచ్చ ఉంది’ అని రాసి ఉంది. పిల్లల్ని వరసగా నిలబెట్టి భుజాలు చూశాడు. నేతగాళ్ల పిల్లలు, ఒంటి మీద గంజి వాసన. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“శభాష్! నూటికి నూరు. కొత్తవాడకు ఇగ ఫికర్ లేదు. ఏయ్ డ్రైవర్, మందు పెట్టె దించకు. కేసముద్రం పోదాం.”

పోశవ్వ అడ్డం పడింది. “బాంచెను దొరా, జర ఈ ఒక్క పిల్లకు ఏసి పోన్రి.”

“రిజిస్టర్ల పేరుందా?”

“మచ్చ లేదని చేర్చుకుంట లేరు గద!”

“పేరు లేని పిల్ల నా లెక్కల రాదు. జరుగు, జరుగు.”

జీపు వెళ్లిపోయింది. పోశవ్వ గుమ్మం పక్కనే, ఆ ఉమ్మి పక్కనే కూలబడింది.

“థూ! ఏం లెక్కలు సారూ ఇవి? మందు బండ్లె పెట్టుకొని మచ్చ సూసి పోతడా?”

రాంచందర్ ఆమె మొహంలోకి చూడలేదు. బయటికి వచ్చి, లోపలి పిల్లలకు వినబడకుండా తలుపు దగ్గరికి వేశాడు.

“లొల్లి చెయ్యకు. బిడ్డ భుజానికి ఇంత జీడి పెట్టు, చాకలోళ్లు బట్టలకు గుర్తు పెట్టేది. తోలు కాలి మచ్చ పడతది. రేపు తీస్కరా, చేర్చుకుంట.”

“మచ్చను సూసి అమ్మవారు ఆగుతదా సారూ? గీ పిల్లలందరు మందేయించుకుంటిరి. నా బిడ్డొక్కతే ఏం పాపం జేసె?”

రాంచందర్ గొంతు తగ్గించాడు.

“అందరివీ జీడి మచ్చలే.”